రమ్మనే ముందు

పండగ దగ్గర పడితే అమెరికాలో చదువుకునే పిల్లలున్న ఇళ్లలో ఫోను సంభాషణ దాదాపు ఒకేలా నడుస్తుంది. "ఈసారైనా వస్తున్నావా నాన్నా?" అని ఇటు నుంచి. "చూస్తానమ్మా, సెలవు దొరకాలి" అని అటు నుంచి. సెలవు మాట కొంత నిజమే. చాలాసార్లు అసలు కారణం మాత్రం పాస్‌పోర్టులో అతికించిన వీసా కాగితం మీది తేదీ. చెబితే ఇంట్లో కంగారు పడతారని పిల్లలు ఆ సంగతి ఎత్తరు. వాళ్లు ఎత్తకపోతే మనకేమో "వీడికి ఇల్లు గుర్తే రావడం లేదు" అనిపిస్తుంది. కొన్ని ఇళ్లలో ఈ అపార్థం ఏళ్ల తరబడి సాగుతుంది.

ఎఫ్-1 వీసా మీద చదువుతున్న పిల్లల్ని ఇంటికి రమ్మనే ముందు తల్లిదండ్రులకు తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఇవి మీరు చేసే పనులు కావు, పిల్లలు చేసుకునేవి. మీ వంతు వాళ్లను తొందరపెట్టకుండా ఉండటం, విషయం తెలిసి అడగటం.

ముందు ఒక తేడా అర్థం కావాలి. వీసా స్టాంపు అమెరికా గుమ్మం దాటి లోపలికి పోవడానికి. లోపల ఉండటానికి ఆధారం ఐ-20, ఐ-94 అనే కాగితాలు. చదువు సక్రమంగా సాగుతూ, ఐ-20 చెల్లుబాటులో ఉంటే స్టాంపు గడువు తీరిపోయినా అక్కడ ఉండటానికి ఇబ్బంది లేదు. కానీ ఒకసారి ఇండియాకు వచ్చారంటే కొత్త స్టాంపు పడేదాకా తిరిగి వెళ్లలేరు. అక్కడే ఉండి స్టాంపు రెన్యువల్ చేయించుకోకూడదా అని చాలామంది అడుగుతారు. స్టూడెంట్ వీసాకు ఆ వీలు లేదు. కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లొచ్చే వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది గానీ, అది మన ఊరి ప్రయాణానికి పనికొచ్చేది కాదు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. మనవాళ్లకు స్టూడెంట్ వీసా సాధారణంగా 5 ఏళ్లకు ఇస్తారు. ఎంఎస్ 2 ఏళ్లు. తర్వాత ఓపీటీ పేరుతో ఉద్యోగం చేసుకునే వీలు 12 నెలలు. ఇంజనీరింగ్, సైన్సు చదివినవాళ్లకు దాని మీద మరో 24 నెలలు. మొత్తం 5 ఏళ్లు. అంటే చదువు సాగుతున్న రోజుల్లో స్టాంపు భయం లేకుండా వచ్చి వెళ్లొచ్చు. ఉద్యోగం వచ్చి, చేతిలో నాలుగు డబ్బులు ఆడి, "ఇప్పుడైనా రావచ్చు కదా" అని మనం గట్టిగా అనే సమయానికే ఆ స్టాంపు అయిపోవస్తుంది. పైగా ఓపీటీలో ఉన్నవాడు మళ్లీ స్టూడెంట్ వీసా అడిగితే, చదువయ్యాక తిరిగి వస్తావని నమ్మకమేమిటని కాన్సులర్ అధికారి అడగొచ్చు, తృప్తి కలగకపోతే నిరాకరించవచ్చు. అందుకే మొదటి ఏడాదో రెండో ఏడాదో సెలవుల్లో వస్తానంటే డబ్బు దండగని ఆపకండి. నిజానికి వాళ్లు నిశ్చింతగా రాగలిగే కాలం అదే.

"రెండు వారాలకు వచ్చి, స్టాంపింగ్ చేయించుకుని పోతా" అనే పాత అలవాటు ఒకటి ఉండేది. పాస్‌పోర్టు డ్రాప్‌బాక్సులో వేస్తే ఇంటర్వ్యూ లేకుండానే కొత్త స్టాంపుతో చేతికొచ్చేది. 2025 సెప్టెంబరు 2 నుంచి ఆ సదుపాయం స్టూడెంట్ వీసాలకు పోయింది. రెన్యువల్ అయినా ఇంటర్వ్యూకు వెళ్లాల్సిందే. అదే నెలలో మరో మార్పు వచ్చింది. సొంత దేశంలో గానీ నివాసమున్న దేశంలో గానీ దరఖాస్తు చేసుకోవాలన్నారు కాబట్టి, దారిలో ఏ మూడో దేశంలోనో ఆగి స్టాంపు వేయించుకునే ఉపాయం కూడా మూతపడింది. అంతకుముందు మే నెలాఖరులో స్టూడెంట్ వీసాల కొత్త అపాయింట్‌మెంట్లనే ఆపేసి, జూన్ 18న మళ్లీ మొదలుపెట్టారు. అప్పటి నుంచి దరఖాస్తు చేసేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలి. ఇంటర్వ్యూ బాగా జరిగిందనుకున్నా 221(జి) అనే కాగితం చేతిలో పెట్టి, మరికొంత పరిశీలించాలని పంపేయవచ్చు. అది తేలడానికి కొన్ని రోజులూ పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. వీసా దొరకాలని చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు చేసుకోండి, తప్పులేదు. కానీ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ స్లాటు ఖరారయ్యాకే విమానం టికెట్టు కొనమనండి. టికెట్టు కొని స్లాటు కోసం వెతుక్కోవడం ఇప్పుడు జూదమే.

కాబట్టి "ఎప్పుడొస్తున్నావు?" అనే ముందు ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. స్టాంపు ఎప్పటి దాకా ఉంది? పాస్‌పోర్టు ఎప్పటి దాకా ఉంది? ఐ-20 మీద ట్రావెల్ సంతకం ఎప్పుడు పెట్టించావు?

ఈ మూడోది చాలా ఇళ్లలో తెలియని సంగతి. ప్రతి యూనివర్సిటీలోనూ విదేశీ విద్యార్థుల ఆఫీసులో డీఎస్‌ఓ అనే అధికారి ఉంటారు. పిల్లలు దేశం దాటి తిరిగి రావాలంటే ఐ-20 రెండో పేజీలో ఆయనో ఆవిడో సంతకం చేసి ఉండాలి. చదువుతున్నవాళ్లకు ఆ సంతకం ఏడాది చెల్లుతుంది, ఓపీటీలో ఉన్నవాళ్లకు ఆరు నెలలే. అడిగితే ఇస్తారు, ఈమెయిల్‌లో కూడా పంపుతారు. ప్రింటు తీసి తన వంతు సంతకం పెట్టుకుని దాచుకోవాలి, అంతే. ప్రయాణం ఉన్నా లేకపోయినా ఏడాదికోసారి, ఓపీటీలో ఉంటే ఆరు నెలలకోసారి దాన్ని కొత్తగా పెట్టించుకోవడం అలవాటు చేసుకోమని చెప్పండి. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. నాయనమ్మను ఐసీయూలో చేర్చారు. నాన్నకు గుండెలో నొప్పి వచ్చింది. అలాంటప్పుడు ఏ పిల్లవాడూ ఐ-20 వెతుక్కోడు. దొరికిన విమానం ఎక్కుతాడు. పది రోజుల తర్వాత, ఇక్కడి ఏడుపులు కొంచెం సద్దుమణిగాక, పాస్‌పోర్టు తెరిచి చూసుకుంటాడు. అప్పుడు మొదలవుతుంది రెండో కష్టం. సెమిస్టరు సగంలో ఉంటుంది, స్లాటు దొరకదు, ప్రొఫెసర్ ఈమెయిల్ పెడతాడు. వెళ్లలేక ఉండలేక ఇంట్లో ఆ పిల్లవాడు పడే బాధ, అది చూస్తూ తల్లి పడే బాధ చెప్పనలవి కానిది.

దీనికి మందు మామూలు రోజుల్లోనే వేసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే, వాళ్లు బాగున్నప్పుడే, ఒక ఆదివారం ఫోనులో ఆ సంగతి ఎత్తండి. "నాయనమ్మకు ఏదైనా అయితే నువ్వు రాగలవా, వస్తే తిరిగి వెళ్లగలవా?" అని అడగండి. అశుభం మాట్లాడుతున్నామని అనుకోకండి. స్టాంపు ఉంటే రమ్మనొచ్చు. స్టాంపు అయిపోయి చదువు ఇంకా మిగిలి ఉంటే, ఆ ఏడాది ఏం జరిగినా రాకూడదని ఇద్దరూ కలిసి ముందే అనుకోవచ్చు, లేదా ఏం పోయినా సరే వస్తానని వాడు అనొచ్చు. రెండూ సబబైన నిర్ణయాలే. ముందుగా అనుకున్న నిర్ణయమైతే తర్వాత ఒకరినొకరు నిందించుకునే అవసరం రాదు. ఆ పెద్దావిడ చేతనే "నా కోసం చదువు పాడుచేసుకోకురా" అని ఒకసారి చెప్పించగలిగితే మరీ మంచిది. వాడి గుండెలో అది ఉండిపోతుంది.

జబ్బు సంగతి దాచిపెట్టి, "వాడు కంగారు పడతాడు, పరీక్షలు కదా" అనే పెద్దలూ ఉన్నారు. నాకు ఇది నచ్చదు. దాచిన కబురు చివరికి అర్ధరాత్రి ఫోనుగానే చేరుతుంది. జబ్బు ముదురుతోందని నెల ముందు తెలిస్తే వాడు డీఎస్‌ఓతో మాట్లాడతాడు, సంతకం పెట్టించుకుంటాడు, సెమిస్టరు మధ్యలో రావాల్సి వస్తే దానికి అనుమతి తీసుకుంటాడు. మనం వాడికి ఇవ్వగలిగిన సాయం వ్యవధి ఒక్కటే.

ఇక పెళ్లిళ్లు. మాఘమాసంలో ముహూర్తం బాగుందని పంతులుగారు అంటారు. ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఆ తర్వాత అబ్బాయికి చెబుతారు. వాడి ఓపీటీ దరఖాస్తు అప్పుడే పెట్టి ఉంటుంది, ఉద్యోగ అనుమతి కార్డు ఇంకా రాలేదు. ఆ దశలో దేశం దాటడం నిషేధం కాదు, కానీ తిరిగి వెళ్లేటప్పుడు దరఖాస్తు రసీదు చూపాలి. ఈలోగా మరిన్ని పత్రాలు కావాలని అక్కడి నుంచి కబురు వస్తే ఇక్కడ పెళ్లి పీటల మీద కూర్చుని సమాధానం పంపాలి. ఓపీటీ వచ్చి ఉద్యోగం రాకపోతే ఇంకా ఇబ్బంది. ఆ 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు, ఖాళీగా ఉన్నవాడు ఇండియాలో గడిపిన రోజులూ ఆ లెక్కలోకే వస్తాయి. చదువు పూర్తయ్యాక ఇచ్చే 60 రోజుల గడువులో, ఓపీటీకి దరఖాస్తే పెట్టకుండా విమానం ఎక్కినవాడికి ఆ ఐ-20 మీద తిరిగి వెళ్లే దారి లేదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది హెచ్-1బీ అనే ఉద్యోగ వీసాకు మారే కాలం. లాటరీలో పేరు వచ్చి, ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మార్చమని కంపెనీ పెట్టిన దరఖాస్తు నడుస్తుండగా పిల్లలు దేశం దాటితే, ఆ మార్పు కోరికను వదులుకున్నట్టే లెక్క. దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన 2025 సెప్టెంబరు 21న అమల్లోకి వచ్చింది. అమెరికాలోనే ఉండి మార్పు కోరేవాళ్లకు అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. అయితే మార్పుపై నిర్ణయం రాకముందే దేశం దాటితే ఆ మినహాయింపు పోతుంది. ఏ కంపెనీ తన కొత్త ఉద్యోగి కోసం లక్ష డాలర్లు కడుతుంది? పెళ్లి ముహూర్తాలు ఏడాదిలో చాలా ఉంటాయి. రెండు మూడు తేదీలు పట్టుకుని ముందు పిల్లల్ని అడిగి, వాళ్లు తమ డీఎస్‌ఓనో కంపెనీ లాయర్నో అడిగి చెప్పాకే హాలు మాట్లాడండి. వియ్యాలవారికి కూడా ఇదే మాట నిదానంగా చెప్పండి. కోడలు, విద్యార్థి భార్యకిచ్చే ఎఫ్-2 వీసా మీద వెంటనే వెళ్లాలనుకుంటే ఆమె పేరున మరో ఐ-20 తెప్పించాలి, పెళ్లి రిజిస్టర్ చేయించాలి, ఆమె ఇంటర్వ్యూకు స్లాటు దొరకాలి. ఎఫ్-2 మీద ఆమె ఉద్యోగం చేయడానికి వీల్లేదన్న సంగతి పెళ్లికి ముందే ఆ అమ్మాయికి తెలియాలి. చాలాసార్లు ఆమెకు తప్ప అందరికీ తెలిసి ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది కొంచెం కష్టమైన విషయం. పిల్లలు రావడం వాయిదా వేస్తూ పోవడానికి, మనతో చెప్పలేని సంగతి కారణం కావచ్చు. ఒక సబ్జెక్టు వదిలేసి ఉండొచ్చు. ఖర్చులకు చాలక క్యాంపస్ బయట, పెట్రోలు బంకులోనో రెస్టారెంటులోనో, అనుమతి లేని పని చేసి ఉండొచ్చు. తాగి కారు నడిపినందుకు, దుకాణంలో వస్తువు తీసినందుకు పోలీసు కేసు ఉండొచ్చు. కేసు కొట్టేసినా దాని జాడ రికార్డుల్లో ఉండిపోవచ్చు. అక్కడే ఉన్నంతకాలం బయటపడనిది సరిహద్దు దాటి, మళ్లీ స్టాంపు అడిగినప్పుడు ముందుకొస్తుంది. 2025 ఏప్రిల్‌లో చిన్న చిన్న కేసులున్న విద్యార్థుల రికార్డులు కూడా సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేసులో పెద్ద ఎత్తున రద్దు చేశారు. విద్యార్థులు కోర్టులకు వెళ్లారు, నెలాఖరుకు చాలావరకు పునరుద్ధరించారు. అయినా ఆ నెల రోజులు ఎన్ని ఇళ్లలో నిద్ర లేదో!

కాలేజీయే సరైనది కాకపోతే మరీ ప్రమాదం. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు వీధిన పడ్డవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు కూడా తగిలించారు. 2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అసలు లేనే లేదు. అమెరికా అధికారులే వల వేయడానికి పెట్టిన బోర్డు అది. అందులో చిక్కినవాళ్లలోనూ మనవాళ్లే ఎక్కువ. చేరిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని ఊరించే కాలేజీలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో కొన్నిటికి చట్టబద్ధమైన గుర్తింపూ ఉంది. అయినా అక్కడి నుంచి ఇండియా వచ్చి మళ్లీ వీసా అడిగినవాళ్లకు గట్టి ప్రశ్నలు తప్పవు. మీ అబ్బాయి అలాంటి చోటికి మారి ఉంటే, ఇంటికి రమ్మనే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడించండి. ఆ ఫీజు విమానం టికెట్టు కన్నా తక్కువే.

ఇవన్నీ వాళ్లు మీతో చెప్పాలంటే మీరు అడిగే తీరు మారాలి. "ఏం చేశావు, చెప్పు!" అంటే ఫోను పెట్టేస్తారు. "ఏదైనా ఇబ్బంది ఉంటే నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు, మీ ఆఫీసులో ఆ డీఎస్‌ఓకు చెప్పు, లాయర్ ఫీజు నేను కడతా" అని చూడండి. మూడో రోజున వాళ్లే ఫోను చేస్తారు. బంధువుల వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టి అడగకండి. పెద్దమ్మ కొడుక్కి 2022లో జరిగింది ఈ ఏడాది మీ అమ్మాయికి జరగాలని లేదు. కన్సల్టెన్సీ వాళ్ల మాటా అంతే, వాళ్ల పని పిల్లల్ని పంపడంతో అయిపోయింది.

కొందరు పిల్లలు తట్టుకోలేక పూర్తిగా వచ్చేయాలనుకుంటారు. ఒంటరితనం, అప్పు, దొరకని ఉద్యోగం, కొన్నిసార్లు దిగులు జబ్బుగా మారడం. "వచ్చేయ్ నాన్నా, ఇల్లుంది" అనండి, ముందు ఆ మాటే అనండి. ఆ తర్వాత ఒక్క పని చేసి రమ్మనండి. విమానం ఎక్కే ముందు డీఎస్‌ఓకు చెప్పాలి. అనుమతితో చదువు మధ్యలో ఆపినవాళ్లకు బయలుదేరడానికి 15 రోజులు ఇస్తారు, రికార్డు శుభ్రంగా ఉంటుంది. చెప్పకుండా తరగతులు మానేసి వచ్చేస్తే స్టేటస్ నిలబెట్టుకోలేదని రాసుకుంటారు. మళ్లీ ఎప్పుడైనా, చదువుకే కాదు, అక్క కాన్పుకో అన్న ఇంటికో వెళ్లాలన్నా ఆ గీత అడ్డు రావచ్చు. ఇక్కడ 5 నెలలకు మించి ఉండిపోతే పాత ఐ-20 మామూలుగా పనిచేయదు. కొత్త ఐ-20 తెచ్చుకుని, సెవిస్ రుసుము 350 డాలర్లు మళ్లీ కట్టి వెళ్లాలి. అది కూడా దారే, మూసుకుపోయిన తలుపు కాదు. మీ నోటి నుంచి ఆ సంగతి వింటే వాళ్లకు ధైర్యం వస్తుంది.

చదువు ముగించుకుని తిరిగి వచ్చేవాళ్లు ఆదాయం లేకపోయినా ఆ ఏడాదికి 8843 అనే ఫారం పంపాలి, జీతం వచ్చి ఉంటే పన్ను రిటర్ను వేయాలి. అద్దె ఇంటి డిపాజిట్ తిరిగి రావడానికి బ్యాంకు ఖాతా కొన్నాళ్లు ఉంచుకోవాలి. పాత ఐ-20లు ఒక్కటీ పారేయకూడదు. అమెరికా నుంచి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు కాబట్టి బోర్డింగ్ పాసు కూడా దాచుకుంటే మంచిది.

దారి సంగతి రెండు మాటలు. స్టాంపు గడువు తీరినవాళ్లు లండన్, యూరప్ మీదుగా టికెట్టు కొంటే ట్రాన్సిట్ వీసా అడిగే అవకాశం ఉంది, ముందే చూసుకోవాలి. దుబాయ్, దోహా, అబుదాబీల్లో విమానాశ్రయం దాటకుండా విమానం మారడానికి ఆ బెడద లేదు. తిరుగు ప్రయాణంలో అబుదాబీ మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే అయిపోతుంది. ఐ-20, పాస్‌పోర్టులు, ట్రాన్‌స్క్రిప్టు, ఓపీటీ ఉంటే కార్డు, ఉద్యోగ పత్రం చేతి సంచిలో ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో కాదు. కొత్త పాస్‌పోర్టు తీసుకుని ఉంటే, స్టాంపు ఉన్న పాతదీ వెంట ఉండాలి.

పెట్టె సర్దేది మీరే కాబట్టి మీకు ప్రత్యేకంగా: పచ్చి కరివేపాకు పెట్టకండి, కోడి పచ్చడి, మటన్ పచ్చడి పెట్టకండి. ఇవన్నీ అక్కడికి తీసుకుపోకూడనివి. ఆవకాయ పెట్టుకోవచ్చు, గట్టిగా మూత బిగించి. ఏమేం పెట్టారో పిల్లలకు చెప్పండి. తినే వస్తువులున్నాయా అని అధికారి అడిగితే ఉన్నాయనే చెప్పాలి. అమ్మ ఏం పెట్టిందో తెలియదన్న జవాబు అక్కడ చెల్లదు.

దిగాక ఇంటికి ఫోను చేయడం ఎలాగూ చేస్తారు. అదే రోజు ఇంటర్నెట్‌లో ఐ-94 తీసి చూసుకోమనండి. ఎఫ్-1 అని ఉందా, ఎప్పటిదాకా ఉండొచ్చని రాశారు అన్నది చూడాలి. ఇన్నాళ్లూ విద్యార్థులకు తేదీ బదులు స్టేటస్ ఉన్నంతకాలం ఉండొచ్చని అర్థమిచ్చే డీ/ఎస్ అనే అక్షరాలు వేస్తూ వచ్చారు. దాని బదులు గరిష్ఠంగా 4 ఏళ్లకు తేదీ వేయాలన్న ప్రతిపాదన 2025 ఆగస్టులో వచ్చింది. అందువల్ల తేదీ ఉంటే ఆ తేదీని రాసుకోవాలి. తప్పుగా పడితే మర్నాడే డీఎస్‌ఓకు చెప్పి దిద్దించుకోవాలి, వాళ్లు ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.